మంగమ్మ ఇల్లు



మధురలో గాంధీ మ్యూజియం చూడనివాళ్లు మనలో తక్కువ. బాపూ ఆఖరి రోజున కట్టుకున్న నెత్తుటి మరకల వస్త్రం ముందు నిలబడ్డవాళ్లమే. అయితే ఆ వస్త్రాన్ని దాచిన ఇల్లు ఎవరిదని మన పిల్లల్ని అడగండి. తెల్లమొహం వేస్తారు.

అది తముకం మహలు, రాణీ మంగమ్మ వేసవి విడిది. 1689లో కొడుకు రంగకృష్ణ ముత్తు వీరప్ప మశూచితో పోయాడు. కోడలు బిడ్డను కని తనూ వెళ్లిపోయింది. మిగిలింది పసికందు. వాడి పేరు మీద మంగమ్మ దాదాపు 15 ఏళ్లు రాజ్యం నడిపింది. యుద్ధాల సంగతి పుస్తకాల్లో ఉంది, వదిలేస్తాను. గుళ్లకూ ఇచ్చింది. కానీ జనం నోట నిలిచినవి బాటలు, చెట్లు, సత్రాలు. రైల్వే స్టేషన్ ఎదుటి సత్రానికి నేటికీ ఆవిడ పేరే.

ఆ పసికందే విజయరంగ చొక్కనాథుడు. పెద్దయ్యాక తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం రాశాడు. తమిళ దేశం నడిబొడ్డున నాయనమ్మ పెంచిన పిల్లాడి తెలుగు అది! మన ఇళ్లలో ఇప్పుడు నాయనమ్మ తెలుగులో పిలిస్తే మనవడు తమిళంలో పలుకుతున్నాడు.

చివరికి మంగమ్మను బంధించి, తిండి పెట్టకుండా చంపారని మధుర జనం చెప్పుకుంటారు. సత్రాలు కట్టించిన మనిషికి!

తర్వాత మహలు నవాబు, కంపెనీ, కలెక్టర్ల చేతులు మారింది. 1955లో ప్రభుత్వం దాన్ని గాంధీ స్మారక నిధికి ఇచ్చింది. 1959 ఏప్రిల్ 15న నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. ఏదో ఒక పని దొరికింది గనుకే ఇల్లు నిలిచిందని నా లెక్క.

అమెరికాలో జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ పాడుబడుతుంటే ప్రభుత్వాలు కొనలేదు. 1853లో ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అనే ఆవిడ ఊరూరా ఆడవాళ్లను కూడగట్టింది. చందాలు పోగుచేసి, 1858లో 2 లక్షల డాలర్లకు బేరం కుదుర్చుకున్నారు. ఈరోజుకీ ఆ ఇల్లు ఆ మహిళా సంఘానిదే. అప్పటికి వాళ్లకు ఓటు హక్కు కూడా లేదు.

మనకు మహళ్లు కొనే పని లేదు. కోయంబత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో మనవాళ్ల పాత మండువా ఇళ్లు తాళాలతో ఉన్నాయి. పిల్లలు పట్నాల్లో, విదేశాల్లో. పెంకులు జారుతున్నాయి, దూలాలకు చెదలు. అలాంటి ఇల్లు ఒక్కటి మన మహిళా విభాగం చేతికిస్తే చాలు. ఆదివారం పూట పిల్లలకు అక్షరాలు దిద్దించవచ్చు, ఒంటరి ముసలివాళ్లకు మధ్యాహ్నం ఇంత అన్నం పెట్టవచ్చు.

తాళంచెవి ఇవ్వగలవాళ్లు, వారానికి రెండు గంటలు కేటాయించగల అక్కలు మన కార్యదర్శికి ఈ నెలలోనే చెప్పండి. వానలకు ముందే పెంకులు సరిచేయించాలి.