వాటర్ టేబుల్‌పై ప్లాస్మా కటింగ్: నీళ్లు ఎంత ఎత్తులో ఉండాలి?

తువాస్, జురాంగ్ వైపు షిప్‌యార్డుల్లో, ఫ్యాబ్రికేషన్ షాపుల్లో మనవాళ్లు ప్లాస్మా మెషిన్ మీద పని చేస్తుంటారు. కొత్తగా చేరిన కుర్రాడు "నీళ్లు ఎంతవరకు పెట్టాలన్నా?" అని అడిగితే, "నిన్న ఎంతుందో అంతే ఉంచు" అంటారు. ఆ మాట నమ్మొద్దు. ప్లేటు ఏ లోహమో చూశాకే నీటిమట్టం పెట్టాలి.

నీళ్లు ఏం చేస్తాయి?

నిప్పురవ్వల్ని, కరిగిన లోహాన్ని, పొగని పట్టుకుంటాయి. ప్లేటు వేడికి వంకర పోకుండా చూస్తాయి. నీళ్లు మరీ కిందికి ఉంటే పొగ, దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మరీ పైకి ఉంటే నీళ్లు టార్చ్ మీదికి చిమ్ముతాయి, కట్ గరుకుగా వస్తుంది, అంచు గట్టిపడుతుంది.

మైల్డ్ స్టీల్, స్టెయిన్‌లెస్

మామూలుగా నీళ్లు ప్లేటు అడుగును తాకీ తాకనట్టు, లేదా అంగుళం రెండంగుళాలు కిందికి ఉంచుతారు. మెషిన్ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. స్టెయిన్‌లెస్ పొగలో ప్రమాదకరమైన క్రోమియం ఉంటుంది, దానివల్ల క్యాన్సర్ రావచ్చు. అందుకే నీళ్లున్నా పొగ లాగే ఫ్యాన్, మాస్క్ తప్పనిసరి. నీటి లోపల కట్ చేయడం అందుకు తయారైన మెషిన్‌తోనే. హైడ్రోజన్ కలిసిన గ్యాస్‌తో నీటి లోపల ఎప్పుడూ కట్ చేయొద్దు.

అల్యూమినియం: ఇక్కడే ప్రాణం పోతుంది

కరిగిన అల్యూమినియం నీళ్లతో కలిస్తే హైడ్రోజన్ గ్యాస్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. నీళ్లు ప్లేటుకి ఆనుకుని ఉంటే గ్యాస్ బయటికి పోలేక ప్లేటు కింద చేరుతుంది. టార్చ్ వెలిగించగానే పేలుతుంది. అడుగున పేరుకున్న అల్యూమినియం పొడి రాత్రంతా గ్యాస్ వదులుతూనే ఉంటుంది. కాబట్టి పొద్దున మొదటి కట్ ఎక్కువ ప్రమాదం.

• వీలైతే అల్యూమినియం నీళ్లు లేని టేబుల్ మీదే కట్ చేయాలి.
• నీళ్ల మీదే చేయాల్సి వస్తే మట్టం బాగా కిందికి దించాలి. ప్లేటు కింద గ్యాస్ నిలవకుండా గాలి పైపులు, ఫ్యాన్ నడవాలి.
• షిఫ్ట్ మొదట్లో నీళ్లు దించి, మళ్లీ ఎక్కించి, చిక్కుకున్న గ్యాస్‌ని వదిలించాలి.
• అడుగున మడ్డిని తరచూ తీయించాలి.
• అల్యూమినియం-లిథియం రకాన్ని నీళ్ల దగ్గర అసలు కట్ చేయొద్దు.

ఇంకో రెండు మాటలు: నీళ్లలో చెయ్యి పెట్టేముందు పవర్ ఆపండి. ఆ మురికి నీళ్లను డ్రైన్‌లోకి వదలొద్దు.

"చెప్తే పర్మిట్ క్యాన్సిల్ చేస్తారేమో"

ఈ భయంతోనే చాలామంది నోరు విప్పరు. ముందు సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో ఫొటోతో రాయండి, రికార్డు ఉంటుంది. మారకపోతే స్నాప్‌సేఫ్ ద్వారా మినిస్ట్రీ ఆఫ్ మ్యాన్‌పవర్‌కి తెలియజేయవచ్చు. సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌కి సహకరించినందుకు ఉద్యోగం తీసేయడం సింగపూర్ చట్టం ప్రకారం నేరం.

దెబ్బ తగిలితే వర్క్ ఇంజురీ కాంపెన్సేషన్ చట్టం కింద వైద్య ఖర్చులు, మెడికల్ లీవ్ జీతం వస్తాయి. శాశ్వత నష్టమైతే పరిహారమూ ఉంటుంది. తప్పు ఎవరిదన్న లెక్క ఉండదు. ప్రమాదం జరిగిన ఏడాదిలోపు క్లెయిమ్ వేయాలి. సహాయానికి మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ నంబరు 6536 2692, 24 గంటలూ పనిచేస్తుంది.

ఇంట్లో ఉన్న అమ్మా, చెల్లీ, మీరూ ఫోన్‌లో ఒక్కసారి అడగండి: "ఈరోజు ఏం ప్లేటు కోస్తున్నావు? నీళ్లు చూసుకున్నావా?"