గీత గీయడానికి గడువు

సూరత్ పురపాలక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడడమే అందుకు కారణం. అలాంటి ఇంటి నుంచి ఒకరు ఆర్కిటెక్చర్‌లో చేరితే, ఫీజు కట్టాక ఇంకో బెంగ మొదలవుతుంది: డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎలా?

1961లో సూరత్‌లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, నేటి ఎస్వీఎన్ఐటీ, మొదలైన నాటికి ఈ బెంగ లేదు. డ్రాయింగ్ బోర్డు, టి-స్క్వేర్, ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్నులు ఉంటే చాలు. అన్న వాడిన బోర్డు తమ్ముడికి పనికొచ్చేది. ఒకసారి కొన్నాక దాని మీద తయారీదారుకు ఏ అధికారమూ ఉండేది కాదు.

1982 డిసెంబరులో ఆటోడెస్క్ కంపెనీ ఆటోక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను వెయ్యి డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటి మారకంలో అది దాదాపు తొమ్మిదిన్నర వేల రూపాయలు, కంప్యూటర్ ఖరీదు వేరే. 1984 నవంబరు నాటి కంప్యూటర్ విధానం దిగుమతి సుంకాలు తగ్గించాక మన దేశంలో యంత్రాలు కొంత అందుబాటులోకి వచ్చాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం రాలేదు. కాపీ డిస్కులు చేతులు మారాయి. 1994లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కనీసం ఏడు రోజుల జైలు అన్నారు. నేర్చుకోవాలన్న తపన తప్ప వేరే ఉద్దేశం లేని పిల్లలు కూడా ఆ గీతకు అవతలే నిలబడాల్సి వచ్చింది.

కంపెనీలు విద్యార్థి లైసెన్సులు తెచ్చింది ఈ పరిస్థితిలోనే. అందులో వ్యాపార దృష్టి ఉంది: చదువుకునేటప్పుడు చేతికి అలవాటైన పనిముట్టునే రేపు ఆఫీసు కొంటుంది. ఆ ఔదార్యానికి హద్దులూ ఉండేవి. ఆటోక్యాడ్ విద్యార్థి వెర్షన్‌లో గీసిన ప్లాను ముద్రిస్తే, నాలుగు అంచుల్లోనూ అది విద్యార్థి వెర్షన్ అని చెప్పే ముద్ర పడేది. అందులోంచి ఒక తలుపు బొమ్మను ఆఫీసు ఫైల్లో అతికిస్తే చాలు, ముద్ర ఆ ఫైలుకూ అంటుకునేది. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లల మీద ఆఫీసులు విసుక్కోవడానికి అది చాలు.

2006లో గూగుల్ స్కెచప్‌ను కొని, ఒక వెర్షన్‌ను ఉచితంగా ఇవ్వడంతో త్రీడీ నమూనాకు పైసా ఖర్చు లేకుండా పోయింది. 2014 చివర్లో ఆటోడెస్క్ ప్రపంచవ్యాప్తంగా విద్యాసంస్థలకు తన సాఫ్ట్‌వేర్‌ను ఉచితం చేసింది. పెద్ద మేలే. కానీ 2016లో ఆ కంపెనీ శాశ్వత లైసెన్సులు అమ్మడం మానేసి చందా పద్ధతికి మారింది. ఇప్పుడు విద్యార్థి అనుమతికి ఏడాదే గడువు, చదువుతున్నట్టు రుజువు చూపి పొడిగించుకోవాలి. దానితో డబ్బులొచ్చే పని చేయకూడదు. పట్టా చేతికొచ్చి సొంతంగా ఒక ఇంటి ప్లాను గీసి సంపాదిద్దామనుకున్న రోజు, అమెరికా ధరల్లో ఏడాదికి 1,800 డాలర్లు దాటే ఆటోక్యాడ్ చందా ఎదురవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉచితమైనా యంత్రం ఉచితం కాదు. 2017లో గుజరాత్ ప్రభుత్వం మొదటి ఏడాది కాలేజీ విద్యార్థులకు వెయ్యి రూపాయలకు నమో టాబ్లెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పాఠాలు చదవడానికి అవి బాగున్నాయి. భవనాల డిజైన్‌కు వాడే ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్ రెవిట్ మాత్రం విండోస్ మీదే నడుస్తుంది, ఇటీవలి వెర్షన్లు పదహారు జీబీ ర్యామ్ అడుగుతున్నాయి. అయినా ఇవి లేకుండా కుదరదు. 2023 డిసెంబరు 17న సూరత్‌లో ప్రారంభమైన వజ్రాల వ్యాపార కేంద్రం డైమండ్ బోర్స్‌లో తొమ్మిది టవర్లు, దాదాపు 67 లక్షల చదరపు అడుగులు. అంత కట్టడాన్ని ఈ రోజుల్లో ఎవరూ ట్రేసింగ్ పేపరు మీద ముగించరు. అలాంటి పనిలో చేరాలనుకునే విద్యార్థికి ఈ సాఫ్ట్‌వేర్ విలాసం కాదు.

మరో దారీ ఉంది. 2002లో వాడకందారులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌ను శాశ్వతంగా అందరిదీ చేశారు. అలాగే ఉచితంగా దొరికే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌కూ గడువు లేదు, చదువు ముగిశాక ఎవరూ వెనక్కి లాక్కోరు. ఆఫీసులు అడిగేది ఆటోక్యాడ్, రెవిట్‌లనే కాబట్టి వాటిని వదిలేయమనడం అన్యాయం. వాటితో పాటు ఒక సెమిస్టరైనా వీటిని నేర్పాలి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లల కోసం కాలేజీ ల్యాబులను రాత్రి పదింటి వరకూ తెరిచి ఉంచడానికి కొత్త పథకమేదీ అక్కర్లేదు, ఒక ఉద్యోగి జీతం, కరెంటు బిల్లు చాలు.