అరగంటకోసారి చెరిగిపోయిన లైను

మాది మేల్పాడి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పొన్నై ఏటి వెంబడి ఎగువకు పోతే చిత్తూరు జిల్లా, దిగువకు పోతే తిరువల్లం. వేలూరు, రాణిపేట, గుడియాత్తం చుట్టుపక్కల ఆఫీసుల్లో సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నన్ను బాగా కుదిపేసిన సంగతి ఒక్క లైనుకు సంబంధించింది.

2012లో ఒక తోళ్ళ ఎగుమతి కంపెనీలో పని చూసేవాణ్ణి. పేరు వద్దు. ఒక రోజు సాయంత్రం ప్యాకింగ్ హాల్లో తోళ్ళు కొలిచే మిషన్ మార్చారు. తయారైన తోలును ఆ మిషన్‌లోకి తోస్తే ఎన్ని చదరపు అడుగులో లెక్కకట్టి, తోలు వెనకవైపు అంకె ముద్ర వేసి, అదే అంకెను పక్కనున్న కంప్యూటరుకు పంపుతుంది. మా సర్వరు ఆ అంకెల్ని తెచ్చుకుని ప్యాకింగ్ లిస్టు తయారుచేస్తుంది. కొత్త మిషన్‌తో వచ్చిన కంప్యూటరుకు కొత్త నెట్‌వర్క్ అడ్రసు పెట్టారు. సర్వరుకు ఆ సంగతి తెలియాలంటే హోస్ట్స్ అనే ఫైల్లో ఒక్క లైను మార్చాలి. ఆ ఫైల్లో ఎడమ పక్క అడ్రసు, కుడి పక్క పేరు, అంతే ఉంటుంది.

వీఐ ఎడిటర్లో ఫైలు తెరిచాను. అలవాటు కొద్దీ పెద్ద జీ కొట్టి నేరుగా అడుక్కి దూకాను. లైను దిద్ది, సేవ్ చేసి, ప్యాకింగ్ లిస్టు రావడం కళ్ళారా చూసి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి హాల్లో పనిచేసే కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా, మళ్ళా ఆగిపాయె."

ఫైలు తెరిస్తే పాత అడ్రసే ఉంది. సేవ్ చేయడం మరిచానేమో అనుకుని మళ్ళీ రాశాను. మళ్ళీ పోయింది. మూడోసారి రాసి, ఆ కుర్చీలోంచి లేవకుండా కూర్చున్నాను. 6 గంటల 12 నిమిషాలకు నా కళ్ళముందే ఫైలు మారిన టైము మారింది. అంతకు ముందు మారింది 5.42కి. ఎవరో లాగిన్ అయి నా రాత చెరిపేస్తున్నారేమోనని లాగిన్లు చూశాను. నేను తప్ప ఎవరూ లేరు. అప్పుడు గానీ ఫైలు పైభాగం చూడాలని తోచలేదు. నూరు లైన్ల ఫైలు కాబట్టి అడుక్కి దూకిన ప్రతిసారీ పైభాగం తెర మీదికి రాలేదు. అక్కడ ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసుంది: ఈ ఫైలు పప్పెట్ చేతిలో ఉంది, చేత్తో చేసిన మార్పులు నిలవవు.

వారం ముందు మద్రాసు నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టు ఇంజినీరు మూడు చోట్లున్న సర్వర్లకూ పప్పెట్ పెట్టి వెళ్ళాడట. మాకెవరూ చెప్పలేదు. పప్పెట్ మామూలుగా 30 నిమిషాలకోసారి మేలుకుంటుంది. కేంద్ర సర్వర్లో ఈ సర్వరు ఎలా ఉండాలని రాసిపెట్టారో చదువుతుంది, ఇక్కడ ఎలా ఉందో చూస్తుంది, తేడా ఉంటే దిద్దేస్తుంది. నేను దిద్దింది దాని కంటికి తేడా.

ప్యాకింగ్ లిస్టు లేక ఆ రాత్రి పదకొండు దాకా సరుకు లారీ ఆగింది. లారీ ఆలస్యం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. నేను సరిగ్గా చేసిన పనిని, అడగకుండా, చెప్పకుండా, మూడుసార్లు చెరిపేశారు. ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఆ పట్టుదలతోనే తవ్వడం మొదలుపెట్టాను.

తవ్వితే మొదట తగిలింది సెండ్‌మెయిల్. 1980ల మొదట్లో బర్క్‌లీలో ఎరిక్ ఆల్మన్ రాసిన ఈమెయిల్ ప్రోగ్రాం అది. దాని సెట్టింగుల ఫైలు చదవడమే ఒక విద్య. ఒక ట్యాబు తప్పితే ఊరి ఉత్తరాలన్నీ ఆగిపోయేవి. ఆ కష్టం తప్పించడానికి, చిన్నగా అర్థమయ్యేలా ఇంకో ఫైలు రాసి, ఎం4 అనే పరికరంతో దాన్నుంచి పెద్ద ఫైలు పుట్టించే ఏర్పాటు వచ్చింది. మంచి ఏర్పాటే. కానీ తొందరలో ఉన్నవాడు పుట్టిన ఫైలునే దిద్దేవాడు. ఆ పూటకి పని జరిగేది. ఆర్నెల్ల తర్వాత ఇంకెవడో మూలంలో ఏదో చిన్న మార్పు చేసి ఎం4 నడిపితే పెద్ద ఫైలు మళ్ళీ కొత్తగా పుట్టేది, మొదటివాడి దిద్దుబాటు మాయమయ్యేది. నా పని మొదటి రోజుల్లో సెండ్‌మెయిల్ దగ్గర ఈ దెబ్బ తిన్నవాళ్ళు వేలూరులోనే ఉన్నారు. నకలును దిద్ది మూలాన్ని వదిలేయడం అనే జబ్బు అప్పటికే ఉందన్నమాట.

1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజన్ రాశాడు. ఆయన భౌతికశాస్త్రం మనిషి. డిపార్ట్‌మెంటులో రకరకాల యూనిక్స్ మిషన్లు, ఒక్కోదానికీ ఒక్కో స్క్రిప్టు రాయలేక ఒక చిన్న భాష కట్టాడు. దాని వెనకున్న ఆలోచన పెద్దది. మిషన్‌కు ఇది చెయ్యి, ఆ తర్వాత అది చెయ్యి అని చెప్పుకుంటూ పోవద్దు. అది చివరికి ఎలా ఉండాలో రాసిపెట్టు. ఎన్నిసార్లు నడిపినా అది ఆ స్థితికే వచ్చి చేరాలి. 1998లో ఆయన కంప్యూటర్ ఇమ్యునాలజీ అనే పత్రం చదివాడు. ఒంట్లోకి రోగం వస్తే ఒళ్ళే పోరాడి కోలుకున్నట్టు, కంప్యూటరు కూడా తప్పు దారి పట్టినప్పుడు తనంతట తనే సరైన స్థితికి రావాలన్నది దాని సారం.

నాకు ఈ ఆలోచన మీద గౌరవం ఉంది. నలభై సర్వర్లు ఉన్నచోట నలుగురు మనుషులు నాలుగు రకాలుగా చేత్తో దిద్దుకుంటూ పోతే ఏడాదికి ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి పడిపోతే దాన్ని మళ్ళీ కట్టడం దాన్ని కట్టినవాడికి కూడా చేతకాదు. అలాంటి చోట రాత్రుళ్ళు పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. కానీ ఆ రోగం పోలికలోనే నా గాయమూ ఉంది. పాడైన లైనూ, బాగుచేసిన లైనూ ఆ పరికరానికి ఒకటే. మందు వేసినా అది రోగమనే అనుకుంటుంది.

అందరూ అలా అనుకోలేదు. 1993లోనే ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లినక్స్ పంపిణీ డెబియన్‌ను ఇక్కడ ప్రత్యేకంగా తలుచుకోవాలి. కొత్త వెర్షన్ వేసేటప్పుడు అక్కడి మనిషి చేసుకున్న మార్పులు నిలవాలి అని వాళ్ళ నియమావళిలోనే ఉంది. దాన్ని నిలబెట్టే తీరు చూడండి. ప్యాకేజీతో మొదట వచ్చిన సెట్టింగుల ఫైలు గుర్తును డెబియన్ దాచుకుంటుంది. తర్వాత కొత్తది వచ్చినప్పుడు మూడింటిని పోలుస్తుంది: మొదట ఇచ్చింది, ఇప్పుడు నీ దగ్గరున్నది, కొత్తగా వచ్చింది. నువ్వు ముట్టుకోకపోతే కొత్తది పెట్టేస్తుంది. నువ్వు దిద్దుకుని, వాళ్ళ వైపు ఏమీ మారకపోతే నీది కదిలించదు. ఇద్దరూ మార్చి ఉంటే మాత్రం ఆగి అడుగుతుంది. నీది ఉంచనా, కొత్తది పెట్టనా, రెండింటికీ తేడా చూపనా అని. మనం ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే మనదే ఉంచుతుంది. మొదటిసారి ఆ ప్రశ్న తెరమీద చూసినప్పుడు, ఇల్లు ఖాళీ చేయించే ముందు తలుపు తట్టే మనిషిని చూసినట్టనిపించింది.

రెడ్ హ్యాట్ వాళ్ళ ఆర్‌పీఎం అడగదు, కానీ పారేయదు కూడా. ఒక రకం ఫైళ్ళకు కొత్తది పెట్టి మన పాతదాన్ని ఆర్‌పీఎంసేవ్ అనే తోకతో పక్కన ఉంచుతుంది. ఇంకో రకానికి మనదే ఉంచి కొత్తదాన్ని ఆర్‌పీఎంన్యూ అనే తోకతో పక్కన పెడుతుంది. సూసే లినక్సులో సూసేకాన్ఫిగ్ అనేది ఉండేది. మనం చేత్తో ముట్టుకున్న ఫైలని పసిగడితే తను రాయాల్సింది వేరే పేరుతో పక్కన రాసి వెళ్ళేది.

నెట్‌వర్క్ పేర్ల సర్వరు ఏదో చెప్పే రిజాల్వ్ కాన్ఫ్ ఫైలుకు ఈ మర్యాద దక్కలేదు. దాని మీద హక్కు అందరిదీ. డీహెచ్‌సీపీ రాస్తుంది, నెట్‌వర్క్ మేనేజరు రాస్తుంది, ఆ తర్వాత సిస్టమ్‌డీ వాళ్ళ రిజాల్వ్‌డీ వచ్చింది. చేత్తో రాసిన మనిషి లైను రీబూట్ దాకా ఉంటే గొప్ప. విసుగెత్తినవాళ్ళు చాట్ర్ అనే కమాండుతో ఆ ఫైలును రాయిలా బిగించేసేవాళ్ళు. నేనూ బిగించాను. అలా చేస్తే ఇంకో మూడేళ్ళకు ఆ ఫైలు ఎందుకు మారదో తెలియక మరొకడు తల పట్టుకుంటాడు. ఆ మరొకడు నేనే అయిన రోజు కూడా ఉంది.

2005లో లూక్ కానీస్ పప్పెట్ తెచ్చాడు. 2009లో చెఫ్, 2011లో సాల్ట్, 2012లో మైఖేల్ డిహాన్ ఆన్సిబుల్. వీటి తేడాల జోలికి పోను. అన్నిటి వెనకా బర్జెస్ నీడ ఉంది. పప్పెట్ పక్షాన ఒక మాట చెప్పాలి. ఫైలును మార్చేముందు పాతదాన్ని ఫైల్‌బకెట్ అనే చోట దాచే వీలు దానికుంది. ఆ రాత్రి నేను మూడుసార్లు రాసిన లైను అక్కడ భద్రంగా దొరికింది. చూసినప్పుడు కోపం సగం దిగింది.

మిగతా సగం దిగింది మా ఊరి పక్కనే.

మేల్పాడి గుళ్ళ గోడల మీది శాసనాల్ని శాసన పరిశోధకుడు హుల్ట్‌ష్ చదివి దక్షిణ భారత శాసనాల మూడో సంపుటంలో అచ్చువేశాడు. 1899లో వచ్చిన ఆ భాగంలోనే తిరువల్లం శాసనాలూ ఉన్నాయి. రాజరాజ చోళుడి కాలంలో మా ఊరికి రాజాశ్రయపురమని ఇంకో పేరు. ఆయన 29వ పాలనా సంవత్సరపు శాసనం ఒకటి, ఆఱ్ఱూరులో కన్నుమూసిన రాజు కోసం ఇక్కడ అరింజికై ఈశ్వరాలయం కట్టించినట్టు చెబుతుంది. ఆ రాజు అరింజయుడు, రాజరాజుకు తాత. చిన్నప్పుడు ఆ గోడల కింద ఆడుకున్నాను. ఆ అక్షరాల్ని తడిమానే గానీ చదవలేదు. పప్పెట్ గొడవ జరిగిన కొన్ని వారాలకు సంపుటం తీసుకుని తిరువల్లం వెళ్ళాను. అక్కడ పల్లవుల కాలపు తేదీ వేసిన శాసనం ఒకటుంది, కానీ అక్షరాలు ఆ తేదీ నాటివి కావు. పాత కట్టడాన్ని విప్పి మళ్ళీ కట్టినప్పుడు, ముందున్న రాతి శాసనానికి ఇది నకలు అని చెప్పి చెక్కించినవి అవి.

ఇదే పని ఇంకా పద్ధతిగా జరిగింది కొళ్ళిడం ఒడ్డున తిరుమళపాడిలో. రాజరాజు తన 28వ పాలనా సంవత్సరంలో ఆ గుడి విమానాన్ని విప్పి మళ్ళీ కట్టమన్నాడు. గోడలు విప్పేముందు వాటి మీదున్న శాసనాలన్నీ పుస్తకంలోకి ఎత్తి రాయాలని ఆజ్ఞ ఇచ్చాడు. కట్టడం ముగిశాక, కొడుకు రాజేంద్రుడి 14వ పాలనా సంవత్సరంలో, ఆ పుస్తకంలోంచి చూసి మళ్ళీ కొత్త గోడలమీద చెక్కారు. ఎవరో ఊరి మనిషి నిత్యదీపానికి ఇచ్చిన గొర్రెల లెక్కైనా, కొంత పొలమైనా, రాజు గుడి కట్టుకుంటున్నాడన్న కారణంతో పోకూడదు. ఆ లైనుకు వెనకాల ఒక మాట ఇచ్చిన మనిషి ఉన్నాడు. నా లైనుకు వెనకాల ఒక తోళ్ళు కొలిచే మిషన్ ఉన్నట్టు.

మన కాలంలో అదే తమిళనాట ఎన్నో గుళ్ళలో కుంభాభిషేకానికి ముందు ఇసుకను గాలితో కొట్టే మిషన్లు పెట్టి రాళ్ళు కడిగారు. రాయి తెల్లబడింది, వెయ్యేళ్ళ అక్షరాలు అరిగిపోయాయి. తర్వాత నిషేధించారు. అరిగిపోయినవాటికి ఏ ఫైల్‌బకెట్టూ లేదు.

ఆ తోళ్ళ కంపెనీలో చివరికి చేసింది ఇది. కేంద్ర సర్వర్లోని మూలంలోనే కొత్త అడ్రసు రాశాను. దాని పైన ఒక వివరణ పెట్టాను: ఏ మిషన్, ఏ రోజు మార్చారు, ఈ లైను లేకపోతే ఏది ఆగుతుంది. ఆ మూలాన్నంతా గిట్‌లో పెట్టాం, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో పుస్తకంలా నిలిచేలా. సర్వర్ల మీద ఇంకా చేత్తో రాసే అలవాటు ఉన్నచోట జోయీ హెస్ రాసిన ఈటీసీకీపర్ పెట్టాను. చేత్తో దిద్దిన దిద్దుబాటు కూడా దాని లెక్కలోకి ఎక్కుతుంది. వీలైన ప్రతి ప్రోగ్రాముకూ మా సెట్టింగులు విడి ఫైలుగా పక్క డైరెక్టరీలో ఉంచాను. ఇవాళ సిస్టమ్‌డీ పనిచేసేది ఇలాగే. తయారుచేసినవాళ్ళు రాసింది ఒకచోట, మనం రాసింది ఇంకోచోట, రెండూ ఒకే విషయం చెబితే మనదే చెల్లుతుంది.

ఆ కంపెనీ పని వదిలి చాలా ఏళ్ళయింది. కిందటేడు అక్కడ కొత్తగా చేరిన ఒక అబ్బాయి ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. గుడియాత్తం పిల్లవాడు, తెలుగులోనే మాట్లాడాడు.

"అన్నా, ఈడ మీరు రాసిన లైనొకటుంది. తోళ్ళు కొలిచే మిషన్ అని. ఆ మిషన్ ఇప్పుడు లేదు. తీసేయొచ్చా?"

"తీసెయ్ నాయనా. తీసేముందు పాత లైనూ, అదెందుకు ఉండిందో గిట్ లో రాసి తీసెయ్."

"రాసేసినానన్నా. మిమ్మల్నొక మాట అడుగుదామని."