రెండో గుమ్మం

1967 ఏప్రిల్ 25. న్యూజెర్సీలో ఫ్లెమింగ్టన్ అనే చిన్న ఊరు. కొడాక్ కంపెనీ వాటాదారుల వార్షిక సమావేశం. కంపెనీ పుట్టి పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో. సభ మాత్రం ఇంత దూరాన. అయినా రోచెస్టర్ నల్లజాతి వాడల నుంచి జనం బస్సులెక్కి వచ్చేశారు.

సభలో ఫ్రాంక్లిన్ ఫ్లారెన్స్ అనే పాస్టర్ లేచి నిలబడ్డారు. ఆయన నడిపిన సంఘం పేరు ‘ఫైట్’. ఆ సంఘం కొడాక్‌లో పది షేర్లు కొన్నది డివిడెండ్ మీద ఆశతో కాదు, ఈ హాల్లో నోరు విప్పే హక్కు కోసం. అంతకు నాలుగు నెలల ముందు, డిసెంబరు 20న, కొడాక్ అధికారి ఒకరు 600 మందికి పని ఇస్తామని కాగితం మీద సంతకం పెట్టారు. రెండు రోజులు తిరక్కుండానే ఆ సంతకం చెల్లదంది కంపెనీ. దానికి కట్టుబడతారో లేదో మధ్యాహ్నం రెండింటికల్లా తేల్చండని ఫ్లారెన్స్ గడువు పెట్టి బయటికి నడిచారు. రెండింటికి వెనక్కొచ్చి మళ్లీ అడిగారు.

కుదరదన్నారు చైర్మన్ విలియం వాన్.

ఈ కోపం ఆ రోజు పుట్టింది కాదు. 1964 జులైలో రోచెస్టర్‌లోని జోసెఫ్ అవెన్యూ దగ్గర వీధి నాట్యాల వేడుకలో ఒక అరెస్టుతో రాజుకున్న మంట మూడు రోజులు ఊరిని కాల్చింది. గవర్నర్ రాక్‌ఫెల్లర్ నేషనల్ గార్డ్‌ను దింపాల్సి వచ్చింది. ఆ బూడిదలోంచే, చర్చిల పిలుపు మీద, పేదవాడల జనాన్ని కూడగట్టే సాల్ ఆలిన్‌స్కీ వచ్చి ‘ఫైట్’కు ఊపిరి పోశారు. జాతి సమస్య విషయంలో కొడాక్ చేసిన ఘనకార్యం కలర్ ఫిల్మ్ తయారుచేయడమొక్కటే అని ఎద్దేవా చేసిన మనిషి ఆయన. ఫ్లెమింగ్టన్ గొడవ తర్వాత, జూన్‌లో కొడాక్ ఒక టెలిగ్రాంతో రాజీకొచ్చింది. అది వేరే కథ.

అసలు మలుపు రోచెస్టర్‌లోనే ఉన్న మరో కంపెనీ, జోసెఫ్ విల్సన్ నిలబెట్టిన జిరాక్స్ దగ్గర పడింది. 1968లో జిరాక్స్, ‘ఫైట్’ కలిసి ఇంకో లెక్క వేశాయి. ఎవరి ఫ్యాక్టరీలోనో ఉద్యోగాలు అడగడమెందుకు, మన ఫ్యాక్టరీయే పెట్టుకుంటే? అలా ‘ఫైటాన్’ పుట్టింది. నల్లజాతివారే యజమానులు. అంతకు ముందు సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న డిలియన్ మెక్‌యూవెన్ దానికి పెద్ద. ఆయన వృత్తి క్షురకర్మ. రేకులు కోసి అచ్చు గుద్దడం, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం పని. పని నేర్పేది జిరాక్స్. సరుకు కొనేదీ జిరాక్సే. రెండేళ్లలో 12 లక్షల డాలర్ల సరుకు తీసుకుంటామని మాట.

ఆ పనిలో చదువు వెంట్రుకవాసిలో ఉంటుంది. అచ్చు గుద్దే డై ఒక్క పిసరు అరిగినా రేకు ముక్క అంచున గరుకు లేస్తుంది, ఆ ముక్క యంత్రంలో కూర్చోదు. తీగ చుట్టు ఒకటి తగ్గినా వోల్టేజీ తేడా కొడుతుంది. పరీక్షలో నెగ్గని ముక్క వెనక్కొస్తుంది, అది తయారుచేసిన వాళ్ల ఖాతాలోనే పడుతుంది. మరో విద్య దీనికన్నా కష్టం: ఒక ముక్కకు ఎంత ఖర్చవుతుందో కోటేషన్ రాయకముందే లెక్కగట్టడం. ఈ రెండో విద్య నేర్పడం కొనేవాడికి లాభం కాదు. నేర్చుకున్నవాడు రేపు వేరే గుమ్మం తొక్కి బేరమాడతాడు మరి. అందుకే గురువు, గిరాకీ ఒకరే అయిన చోట పాఠం సగంలో ఆగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందని నా అనుమానం. పెద్ద ప్రభుత్వ కర్మాగారం నీడన యాన్సిలరీ యూనిట్ పెట్టి, ఆర్డర్లు ఆగిన నెల జీతాలు ఎలా ఇవ్వాలా అని నిద్ర కాచిన మన బాలానగర్ పారిశ్రామికవాడ యజమానులకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

మొదటి ఏళ్లు తడబాట్లే. 1970ల మధ్యలో మాథ్యూ అగస్టీన్ పగ్గాలు పట్టారు. కంపెనీ పేరు ఎల్‌ట్రెక్స్ అయింది. ఒక్క రేకు పని మీదే బతకలేమని ఆయనకు తెలుసు. ప్యాకింగ్, ఆఫీసు సామగ్రి, భవనాల నిర్వహణ: ఒకదానికొకటి పొంతనలేని పనుల్లోకి అడుగుపెట్టారు. ఒకప్పుడు తలుపు మూసిన కొడాక్ కూడా ఖాతాదారయింది. ఫ్లెమింగ్టన్ మధ్యాహ్నం గుర్తున్నవాళ్లకు ఆ మొదటి కొడాక్ ఆర్డరు కాగితం ఎలా కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కానీ లెక్కల పుస్తకంలో ఒక పేజీ మాత్రం పెద్దగా మారలేదు. పనులు పదిరకాలయ్యాయి. కొనేవాళ్లలో పెద్దలు మాత్రం ఆ ఇద్దరే, కొడాక్, జిరాక్స్. జిరాక్స్ ప్రధాన కార్యాలయం 1969లోనే కనెక్టికట్‌కు తరలిపోయింది. 1982లో రోచెస్టర్‌లో కొడాక్‌కు 60,000 మందికి పైగా ఉద్యోగులుండేవారు. ఆ తర్వాత క్రమంగా తరుగే. డిజిటల్ కెమెరాలు ఫిల్మ్‌ను మింగాయి. కొడాక్‌లో ఒక విభాగం మూతపడితే, దాని పనులు చేసే చిన్న కంపెనీలకు చప్పుడు లేకుండా ఒక బిల్లు తగ్గుతుంది. అలా తగ్గుతూ తగ్గుతూ, నలభై ఏళ్లకు పైగా నడిచాక, ఎల్‌ట్రెక్స్ షట్టర్ దించింది.

2012 జనవరి 19న కొడాక్ దివాలా కోర్టుకెక్కింది. అప్పటికే ఎల్‌ట్రెక్స్ లేదు.