కదలని బొమ్మయంత్రము



ఇటీవల మా ఇంట నొక చిన్న సంగతి జరిగినది. మా మనుమనికి బంధువు లొకరు బొమ్మ రైలుబండిని కానుకగా నిచ్చిరి. గుండ్రముగా అమర్చిన సన్నని పట్టాలు, వానిపై జానెడు ఇంజను, వెనుక మూడు పెట్టెలు. విద్యుచ్ఛక్తి పట్టాలగుండ వచ్చి, చక్రములద్వారా ఇంజనులోనికి పోయి, లోపలి మోటారును త్రిప్పును. నెలదినములు చక్కగా తిరిగిన యా బండి యొకనాడు కదలక నిలిచిపోయెను. పిల్లవాడు ఏడ్చెను. వాని తండ్రి స్క్రూడ్రైవరు తెచ్చి ఇంజను పొట్ట విప్పబోయెను. నేను వారించి, ముందుగా పట్టాలను మెత్తని గుడ్డతో తుడిచి, చక్రములకు పట్టిన నూనెజిడ్డును దుమ్మును తీసి చూడుమంటిని. అట్లు చేయగనే బండి కదలెను. ఇంజనులో లోపమేమియు లేదు. శక్తి వచ్చు దారిలో మురికి యడ్డుపడినది.

ఇందులో నా ప్రజ్ఞ యేమియు లేదు. రెండున్నర శతాబ్దములకు పూర్వము స్కాట్లండు దేశమున, కదలని యొక బొమ్మయంత్రము ముందు కూర్చున్న పనివాని చరిత్ర నాకు చిరకాలముగా తెలిసియుండుటచే ఆ మాట తోచినది. నేటి ప్రసంగము ఆ చరిత్రను గూర్చియే.

ఆ కాలమున ఆ దేశములందలి గనులలో ఊరు నీటిని తోడుట గొప్ప చిక్కుగా నుండెను. థామస్ న్యూకొమెన్ అను ఇనుపసామానుల వర్తకుడు 1712 లో ఇంగ్లండులోని డడ్లీ పట్టణము చెంత నొక ఆవిరియంత్రమును నిలిపి ఆ పనికి వినియోగించెను. దాని రూపము మన పల్లెవారికి క్రొత్తది కాదు. అది యొక పెద్ద ఏతము. మధ్య గోడమీద బలమైన మ్రాను. ఒక చివర గనిలోనికి దిగు తోడుడు కడ్డీ. రెండవ చివర, ఏతముమీద నడచు మనుష్యునకు బదులు, నిలువు గొట్టములో పైకి క్రిందికి జరుగు పిస్టను. ఆ గొట్టమునకే సిలిండరని పేరు. బాయిలరులో నీరు కాగి ఆవిరి సిలిండరును నింపును; ఆవలి కడ్డీ బరువుచే పిస్టను పైకి లేచును. అప్పుడు సిలిండరులోనికి చన్నీటిధార చిమ్ముదురు. ఆవిరి చల్లారి కొంచెపు నీరైపోవును. లోపల శూన్య మేర్పడును. పైనున్న గాలి బరువు పిస్టనును క్రిందికి నొక్కును. గనిలోని నీరు పైకి వచ్చును. మరల ఆవిరి, మరల చన్నీరు. ఇందు నొక్కునది ఆవిరి కాదు, మనపై నెల్లప్పుడు నుండు గాలియే.

గ్లాస్గో విశ్వవిద్యాలయములో ప్రకృతిశాస్త్రము బోధించు తరగతికి ఈ యంత్రపు చిన్న నమూనా యొకటి యుండెను. దాని సిలిండరు ఇత్తడిది. అడ్డుకొలత రెండంగుళములు, పిస్టను నడచు దూరము ఆరంగుళములు. అది సరిగా నడువకపోవుటచే లండనులోని సిసన్ అను పేరుపొందిన పరికర నిర్మాతయొద్దకు పంపియుండిరి. దానిని తిరిగి తెప్పించుటకై 1760 లో విశ్వవిద్యాలయమువారు రెండు పౌనులు మంజూరు చేసిరి. లండను పోయి వచ్చినను దాని జబ్బు కుదురలేదు. 1763 వ సంవత్సరపు చలికాలమున ఆండర్సన్ అను ఆచార్యుడు దానిని బాగుచేయుటకు జేమ్సు వాట్‌నకు అప్పగించెను. వాట్ 1736 లో పుట్టినవాడు. అప్పటి కిరువదియేడేండ్ల వయస్సు. విశ్వవిద్యాలయపు ఆవరణలోనే చిన్న దుకాణము పెట్టుకొని కొలత పరికరములు చేయుచు, బాగుచేయుచు నుండెను.

మన పాఠపుస్తకములలో వాట్ బాల్యమున కెటిలు మూత యెగురుట చూచి ఆవిరియంత్రమును కనిపెట్టెనని చదువుకొంటిమి. అతడు పుట్టుటకు ఇరువదినాలుగేండ్లు ముందే యంత్రము నీరు తోడుచుండెనని ఆ కథ వ్రాసినవారు మరచినట్లున్నారు. అతడు చేసినది కనిపెట్టుటకంటె కష్టమైన పని. నడువనిదానికి కారణము తెలిసికొనుట.

ముందు అతడు పనివాడు చేయవలసిన పని యంతయు చేసెను. భాగముల నన్నిటిని సరిచేసి నిప్పు రాజవేసెను. యంత్రము కదలెను. నాలుగైదు ఊపు లూగి ఆగిపోయెను. నిప్పును గట్టిగా ఊదినచో మరికొన్ని ఊపులు, మరల నిలుపు. చన్నీరు విస్తారముగా కావలసివచ్చుచుండెను. చూచుటకు బాయిలరు చాలినంత పెద్దదిగనే యున్నది. అయినను ఆవిరి చాలుటలేదు. ఇట్టిచోట మామూలు పనివాడు ఏమి చేయును? తోడవలసిన నీటి బరువు తగ్గించి, ఎట్లో నడిపించి, కూలి పుచ్చుకొని పంపివేయును. వాట్ కూడ బరువు తగ్గించి చూచెను. అప్పుడది క్రమముగా నడచినది. పని ముగిసినదనవచ్చును. కాని విరిగినది లేదు, కారునది లేదు, అయినను పెద్దయంత్రము నడచినట్లు చిన్నయంత్ర మేల నడువలేదు? ఈ ప్రశ్న నతడు విడువలేదు.

కారణములలో మొదటిది చిన్నతనమే. పెద్ద గుండిగెలోని పాయసము జాముసేపు వేడిగా నుండును; అదే పాయసము చిన్న గిన్నెలో పోసినచో నిముషములలో చల్లారును. లెక్క యిట్లుండును. ఒక పాత్రను అన్నివైపుల పదవవంతునకు తగ్గించినచో, అందు పట్టునది వేయవవంతగును. దాని గోడల వైశాల్యము మాత్రము నూరవవంతే యగును. అనగా లోనున్న ఆవిరికి పెద్దపాత్రలోకంటె పదిరెట్లు గోడ తగులుచున్నది. చల్లని గోడకు తగిలిన ఆవిరి అక్కడనే నీరై వృథాయగును. పైగా పెద్దయంత్రముల సిలిండరు పోతయినుముది, ఇది ఇత్తడిది. ఇత్తడి వేడిని త్వరగా లాగుకొనును. ప్రతి యూపునకు చన్నీటితో చల్లబడిన గోడను మరల కాచుటకే ఆవిరిలో నెక్కువపాలు పోవుచున్నది. పిస్టను క్రింద నిండవలసిన దానికి ఎన్నోరెట్లు ఆవిరి బాయిలరునుండి వచ్చినగాని ఒక్క ఊపు నడువదని అతడు కొలిచి తెలిసికొనెను. వేడిని లాగని గోడకై అవిసెనూనెలో నానబెట్టి కాల్చిన కొయ్యతో నింకొక సిలిండరు చేసిచూచెను. ఆవిరి కొంత తగ్గినది, కొయ్య మన్నలేదు.

ఇచ్చట కెటిలు నిజముగనే ప్రవేశించుచున్నది. కెటిలు ముక్కునకు వంకర గొట్టము తగిలించి, ఆవిరిని చన్నీటి గ్లాసులోనికి పోనిచ్చి, నీరు మరుగునంతవరకు ఆగి కొలిచిచూచెను. గ్లాసులోని నీరు ఆరవవంతు మాత్రమే పెరిగినది. ఒక పాలు నీరు ఆవిరియై వచ్చి, ఆరుపాళ్ల చన్నీటిని మరిగించినదన్న మాట! మరుగునీటికి, దాని ఆవిరికి స్పర్శలో వేడి యొక్కటే. ఇంత యధికమైన వేడి యెక్కడ దాగియున్నది? ఆ విశ్వవిద్యాలయముననే యున్న జోసఫ్ బ్లాక్ అను రసాయనశాస్త్రాచార్యు నడుగగా, ఆతడు తాను అదివరకే కనుగొని శిష్యులకు బోధించుచున్న గుప్తోష్ణ సిద్ధాంతమును వివరించెను. అంత వేడిని చల్లార్చుటకే అంత చన్నీరు కావలసివచ్చుచున్నదని వాట్‌నకు బోధపడినది.

ఇప్పుడు లోపము తెలిసినది; కాని అది బొమ్మలోనిది మాత్రము కాదు. పెద్దయంత్రములన్నిటిలో నున్న లోపమే. అవి పెద్దవగుటచే దానిని కప్పిపుచ్చుకొని, గనులయొద్ద బొగ్గును బండ్లకొలది తినుచుండెను. సిలిండరు ఆవిరికై ఎల్లప్పుడు వేడిగా నుండవలెను. శూన్యమునకై ఎల్లప్పుడు చల్లగా నుండవలెను. ఒక్క పాత్ర రెండు విధముల నెట్లుండును? 1765 మే నెలలో నొక ఆదివారము గ్లాస్గో పచ్చిక మైదానమున నడచుచుండగా అతనికి సమాధానము తట్టినది. ఆవిరి శూన్యములోనికి తానై దూకును గదా. సిలిండరు ప్రక్క వేరొక చల్లని పాత్రను గాలిలేకుండ నుంచి, గొట్టముతో కలిపినచో, ఆవిరి అందులోనికి పోయి అక్కడ చల్లారును. సిలిండరు వేడిగనే యుండును. ఆదివారము పని చేయుట ఆ దేశాచారము కాదు గనుక మరునాటివరకు ఆగవలసివచ్చెనట. 1769 లో దీనికి రాజపత్రము పుచ్చుకొనెను. తరువాత బోల్టన్ అను వర్తకునితో కలిసి యంత్రములు పెట్టినప్పుడు, పాతయంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు వెలలో మూడవవంతును ప్రతిఫలముగా పుచ్చుకొనుచుండిరి. బొమ్మ తినివేసిన ఆవిరి విలువ యంతటిది.

వాట్ యంత్రము ఒకచోట పాతియుండునదేగాని బండి కాదు. అతని కొలువులోని విలియం మర్డక్ అను మేస్త్రి కార్నువాలు సీమలోని రెడ్‌రూత్ ఊరిలో 1784 లో మూడు చక్రముల చిన్న ఆవిరిబండి నమూనాను చేసి, దీపముతో నీరు కాచి నడిపించెను. అది చక్కగా పరుగెత్తినది. దానిని నిలిపినవారు యజమానులే. గట్టి ఒత్తిడిగల ఆవిరి యన్న వాట్‌నకు సరిపడదు. తన బొమ్మను గూర్చి అంత శ్రద్ధ చూపినవాడు పరుని బొమ్మయెడ నట్లుండకపోవుట చింతింపదగినది.

పట్టాలమీద పెద్ద ఆవిరిబండిని రిచర్డు ట్రెవితిక్ 1804 ఫిబ్రవరి 21 వ తేదీన వేల్సు దేశమున పదిటన్నుల ఇనుముతో, డెబ్బదిమంది జనముతో నడిపెను. బండి నడచెను గాని దాని బరువునకు పోతయినుప పట్టాలు విరిగినవి. ఇంజనును తేలిక చేసినచో బరువు లాగలేదు. అందుచే 1812 లో లీడ్సు నగరమునొద్ద బ్లెంకిన్‌సాప్ అనునతడు పట్టాకు పండ్లు పెట్టి పండ్లచక్రముతో లాగించెను. బ్రంటన్ అను నింకొకడు 1813 లో వెనుక గుఱ్ఱపుకాళ్లవంటి ఇనుపకాళ్లు పెట్టి నేలను తన్నుచు నడుచు ఇంజనును చేసెను. నునుపైన చక్రము నునుపైన పట్టాపై జారునని పలువురి భయము. ట్రెవితిక్ బండి నునుపు చక్రములతోనే నడచినదని వారెట్లు మరచిరో!

వైలం బొగ్గుగని పెత్తనదారు విలియం హెడ్లీ వాదింపక కొలిచెను. ఆవిరి లేని యొక బండిని చేయించి, మనుష్యులచే చేతిపిడులు త్రిప్పించి, పండ్లచక్రములద్వారా బండిచక్రములను కలిపి నడిపించెను. వెనుక బొగ్గుబండ్లు తగిలించి, బండిలో బరువులు పెంచుచు తగ్గించుచు, చక్రము ఎప్పుడు జారునో చూచెను. చాలినంత బరువు తనమీద నున్న బండి పండ్లులేకయే లాగగలదని తేలినది. ఆవిరి ఇంజనుల కాలమున ప్రయాణము చేసిన పెద్దలు, వానకు తడిసిన పట్టాలపై చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగుటయు, డ్రైవరు గొట్టముగుండ ఇసుక వదలగనే బండి కదలుటయు చూచియుందురు. అచ్చట కావలసినది బలము కాదు, పట్టు.

హెడ్లీ మొదటి ఇంజను కూడ బాగుగా నడువలేదు. చక్రములు జారలేదు, ఆవిరి చాలలేదు. వాట్ బొమ్మకు వచ్చిన జబ్బే వేరొక రూపమున వచ్చినది. ఈసారి మందు బాయిలరులోనే దొరికినది. మంటగొట్టమును బాయిలరు లోపలనే వెనుకకు మరల్చి, అదే మంటకు రెట్టింపు దారి యిచ్చి, 1813, 1814 ప్రాంతమున రెండవ ఇంజనును చేసిరి. దానికి పఫింగ్ బిల్లీ యని పేరు. పట్టాలు మరల విరుగుచుండుటచే కొంతకాలము నాలుగింటికి బదులు ఎనిమిది చక్రములమీద నడిపిరి. గట్టి పట్టాలు వచ్చిన పిమ్మట నాలుగు చక్రములకే మరల్చిరి. 1862 వరకు అది బొగ్గు లాగినది. ఇప్పుడు లండనులోని విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నది. గ్లాస్గో బొమ్మయంత్రమును ఆ విశ్వవిద్యాలయమువారి హంటీరియన్ ప్రదర్శనశాలలో భద్రపరచియున్నారు.