‘పీసు రేటు’ అన్నా కార్మికుడే
ఫిర్యాదు చేసినందుకు తొలగిస్తే రూ.2 లక్షల వరకు జరిమానా

అబిడ్స్, నాంపల్లి: అబిడ్స్ వస్త్ర దుకాణంలోనో, నాంపల్లి స్టేషన్ రోడ్డు లాడ్జీలోనో ఏళ్ల తరబడి పనిచేస్తున్న వ్యక్తిని ‘కమీషన్ మనిషి’, ‘పీసు రేటు’ అని పిలిచినంత మాత్రాన అతని హక్కులు రద్దు కావు. పని ఎవరి అదుపులో సాగుతున్నదన్నది ముఖ్యమైన అంశమని సుప్రీంకోర్టు ఐదు దశాబ్దాల కిందటే తేల్చిచెప్పింది. ఆ వ్యాజ్యం హైదరాబాద్‌లో పుట్టినదే.

దర్జీల కేసు
సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్‌కు, దుకాణాలు, సంస్థల ప్రధాన తనిఖీ అధికారికి మధ్య నడిచిన ఈ కేసులో 1973 సెప్టెంబరులో తీర్పు వెలువడింది. దర్జీలకు కుట్టిన బట్టను బట్టి కూలి ముట్టేది. రాని రోజున సెలవు చీటీ ఇవ్వనక్కరలేదు. పని లేకుంటే ముందుగానే వెళ్లిపోవచ్చు. కనుక వారు తమ ఉద్యోగులు కారని యజమానులు వాదించారు. అయితే దుకాణం, కుట్టుమిషన్లు యజమానివే. ఎలా కుట్టాలో చెప్పేది, నచ్చకపోతే తిప్పి కుట్టించేది కూడా ఆయనే. ఈ అంశాలను పరిగణనలోకి తీసుకున్న న్యాయస్థానం, 1951 నాటి దుకాణాల చట్టం కింద దర్జీలు ఉద్యోగులేనని నిర్ధారించింది.

శిక్షలు ఇవీ
కేంద్రం 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటిలోని నిబంధనలు ఇలా ఉన్నాయి.

* చెల్లించవలసిన వేతనం కంటే తక్కువ ఇస్తే వేతనాల కోడ్ ప్రకారం రూ.50 వేల వరకు జరిమానా. అయిదేళ్లలోపు అదే నేరం మళ్లీ చేస్తే 3 నెలల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

* శాశ్వత కార్మికుల హోదా, సౌకర్యాలు దక్కకుండా చేసే ఉద్దేశంతో ఏళ్ల తరబడి తాత్కాలికులుగానే కొనసాగించడం పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం అనుచిత కార్మిక విధానం. పారిశ్రామిక వివాదంలో యజమానిపై ఫిర్యాదు చేసినందుకో, సాక్ష్యం చెప్పినందుకో తొలగించడం, వివక్ష చూపడం కూడా ఆ కోవలోనివే. వీటికి రూ.10 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా. నేరం పునరావృతమైతే రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ.

పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో అనుచిత విధానాలకు 6 నెలల వరకు జైలు ఉన్నా, జరిమానా రూ.1,000 దాటేది కాదు.

కార్మికునికి దక్కేది
జరిమానా సర్కారు ఖజానాకు చేరుతుంది. బకాయి చేతికి రావాలంటే కార్మికుడు విడిగా క్లెయిము దాఖలు చేయాలి. ఇందుకు గడువు మూడేళ్లు. బకాయితోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. వేతనం చెల్లించానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. తొలగింపుపై ముందుగా రాజీ అధికారిని ఆశ్రయించాలి. 45 రోజుల్లో పరిష్కారం కాకుంటే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన నాటి నుంచి రెండేళ్లు దాటితే ఆ అవకాశం ఉండదు.

రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కూడా రక్షణ కల్పిస్తోంది. ఆరు నెలలు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ నెల వేతనం గానీ ఇవ్వకుండా తొలగించరాదు.

ఆధారాలు ముఖ్యం
హాజరు పట్టీ నకలు, బ్యాంకు జమలు, యజమాని పంపిన ఫోను సందేశాలు, సేల్స్‌మన్ నంబరు ఉన్న బిల్లులు భద్రపరచుకోవాలి. ఫిర్యాదు నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇచ్చి రసీదు పొందాలి. తొలగింపునకు ముందే ఫిర్యాదు చేసినట్లు ఆ తేదీయే నిరూపిస్తుంది. కార్మికశాఖ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది.