జీపు వంశావళి



జీవితమంతయు బాలురకు శబ్దములును, సంధులును చెప్పి విశ్రాంతి గైకొన్న నావంటి వానికి జీపుల క్రయవిక్రయములతో నేమి పని యని మీకు తోపవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని పోయిన మాఘమాసమున ఆర్మూరునకు సమీపమందలి యొక గ్రామమునుండి పటేలుగారొకరు నన్ను పిలిపించిరి. వారి గొడ్లపాకలో చిరకాలముగా నొక పాత జీపు పడియున్నది. సమితులు పోయి మండలములు వచ్చిన దినములలో వారి తండ్రిగారు దానిని సర్కారు హర్రాజులో కొని, కొన్నేండ్లు నడిపి, నిలిపివేసిరి. నేను పోవునప్పటికి దానిపై పసుపు ఉడికించు కడాయి యొకటి బోర్లించియుండెను. కోళ్లు దాని వెనుక పీటపై గ్రుడ్లు పెట్టుచుండెను.

పాత సామానుల వర్తకుడొకడు వచ్చి, ఇనుపతూకము లెక్కన ధర చెప్పి కూర్చుండియుండెను. పటేలుగారు ఒక రేకుపెట్టె నా ముందుంచి, "పంతులుగారూ, గీ కాగితాలేమంటున్నయో జర చూడుండ్రి" అనిరి. వర్తకుడు నవ్వి, "ఇనుముకు కాగితాలెందుకు పటేలా?" అనెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా నీ ప్రసంగమును చేయుచున్నాను.

మొదట జీపు పుట్టుకను చెప్పెదను. 1940వ సంవత్సరమున ఐరోపా ఖండము యుద్ధాగ్నిలో మండుచుండగా, అమెరికా సైన్యమువారు గుఱ్ఱమునకును, పక్కబండి మోటారు సైకిలునకును బదులుగా నొక తేలికైన బండి కావలయునని తలచిరి. అది బురదలో దిగబడరాదు; గుట్టలెక్కవలయును; నాలుగు చక్రములును ఇంజను శక్తితో తిరుగవలయును. ఇందుకై 135 కంపెనీలకు లేఖలు వ్రాసిరి. గడువు మిక్కిలి స్వల్పమగుటచే సాహసించి ముందుకు వచ్చినవారు ఒకరిద్దఱే. పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బట్లరు పట్టణపు బాంటం అను చిన్న కంపెనీవారు కార్ల్ ప్రోబ్‌స్ట్ అను శిల్పిని పిలిపించి, 49 దినములలో బండిని సిద్ధపఱచి, 1940 సెప్టెంబరు 23న సైన్యమునకు అప్పగించిరి. కాని చిన్నవారి కర్మాగారము సైన్యపు ఆకలి తీర్చజాలదయ్యెను. ఆ నమూనానుబట్టి టొలీడో నగరపు విల్లీస్ కంపెనీవారును, ఫోర్డు కంపెనీవారును బండ్లు చేసిరి. విల్లీస్‌వారి ఇంజను అఱువది గుఱ్ఱముల శక్తి గలది, గెలిచినది అదియే. యుద్ధము ముగియులోపల ఈ రెండు కంపెనీలును కలిసి ఆఱు లక్షలకు పైగా జీపులను చేసినవి. మొదటి బండిని కట్టిన బాంటంవారికి మిగిలినది కీర్తి మాత్రమే. అదియు చాలకాలము దక్కలేదు.

"జీపు" అను శబ్దమునకు వ్యుత్పత్తి యేమని శాబ్దికులలో తగవు కలదు. సైన్యపు సంకేతాక్షరములైన "జీ, పీ" కలిసి జీపైనదని కొందఱు. 1936లో నొక హాస్యచిత్రకథలో వచ్చిన, ఎక్కడికైనను పోగల వింత జంతువు పేరు దీనికి వచ్చినదని మఱికొందఱు. వ్యాకరణము చెప్పినవాడనైనను నేను ఈ తగవు తీర్పజాలను. లోకరూఢియే బలవత్తరము.

ఇక నీ బండి మనదేశమున కెట్లు వచ్చినది? అస్సాములోని లీడోనుండి బర్మా మీదుగా చీనాకు దారి వేసిన అమెరికా సేనలతో వేలకొలది బండ్లు వచ్చినవి. 1945లో యుద్ధము ముగిసినది, సేనలు పోయినవి, సామగ్రి నిలిచినది. వెనుకకు కొనిపోవుటకగు వ్యయము దాని వెలకు మించినది. కావున అమెరికావారు 1946లో దానిని ఇచటి ప్రభుత్వమునకు విడిచిరి. ప్రభుత్వమువారు డిస్పోజల్సు శాఖ ద్వారమున విక్రయించిరి. మనదేశమున పాతజీపుల వర్తకమునకు అదియే శ్రీకారము. టీకొట్టు సిపాయి బండ్లు గుత్తేదారులకును, జమీందారులకును, తోటల యజమానులకును చేరినవి. విడిభాగములు గుట్టలుగా సంతల కెక్కినవి.

ఇదే కాలమున మన హైదరాబాదు రాజ్యముతో సంబంధము గల యొక విశేషము జరిగెను. 1945లో మహీంద్రా సోదరులతో గూడి "మహీంద్రా అండ్ మహమ్మద్" అను కంపెనీని స్థాపించిన మాలిక్ గులాం మహమ్మద్ అంతకు పూర్వము నిజాము ప్రభుత్వమున ఆర్థికమంత్రిగా నుండెను. 1947లో దేశవిభజన కాగా ఆయన పాకిస్తానునకు పోయి, అచట మొదటి ఆర్థికమంత్రియై, 1951లో గవర్నరు జనరలు పదవి నలంకరించెను. 1948లో కంపెనీ పేరు "మహీంద్రా అండ్ మహీంద్రా"గా మాఱెను. ఈ కంపెనీవారు 1947లో విల్లీస్ జీపుల విడిభాగములను తెప్పించి బొంబాయిలో కూర్పనారంభించిరి. 1950వ దశాబ్దమున ఇచటనే తయారు చేయసాగిరి. కావున మన పల్లెలలో తిరిగిన జీపులకు రెండు వంశములు: ఒకటి యుద్ధమున పుట్టినది, రెండవది శాంతికాలమున పుట్టినది.

పాత జీపును చూడక కొన్నచో నేమగునో తెలుపు ప్రసిద్ధోదాహరణము 1948 నాటిది. కాశ్మీరమున యుద్ధము నడుచుచుండెను. హైదరాబాదు సమస్య రగులుచుండెను. సైన్యమునకు జీపులు అత్యవసరములయ్యెను. లండనులో మన హైకమిషనరుగా నున్న వి.కె. కృష్ణమేననుగారు, మరమ్మతు చేసిన పాతజీపుల కొఱకు అచటి యొక చిన్న కంపెనీతో, మామూలు పద్ధతులను దాటి, ఒప్పందము చేసికొనిరి. ధనములో హెచ్చుభాగము ముందుగానే చెల్లింపబడెను. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. ఆ జీపులు మాత్రము రాలేదు. తుదకు వచ్చినవి 155 మాత్రమే. అవియును సైన్యమున కుపయోగింపవని తేలెను. పార్లమెంటులో గొప్ప దుమారము చెలరేగినది. 1955 సెప్టెంబరులో ప్రభుత్వమువారు ఆ వ్యవహారమును ముగించితిమని ప్రకటించిరి. ఎవరి తప్పెంత యను వాదము నాకు వలదు. పాతబండిని కంటితో చూడక, చేతితో తడవక, ముందుగా సొమ్ము చెల్లించువాడు రాజ్యమైనను సరే, రైతైనను సరే, ఫలమొక్కటే యని చెప్పుటకు దీనిని ఎత్తితిని.

మన ఆర్మూరు ప్రాంతమున జీపు రాకకు గుఱుతులు వేఱు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము దేశమున ఆరంభమయ్యెను. 1959లో పంచాయతీ సమితులు వచ్చెను. నాటినుండి జీపనగా సమితి జీపే. ఊరిలోనికి దుమ్ము లేచి వచ్చినచో బాలురము పలకలు వదలి పరుగెత్తుచుంటిమి. టీకాలు, ఎరువుల బస్తాలు, గోడపై చూపు సినిమా యంత్రము, ఎన్నికల గొట్టములు అన్నియు ఆ బండిలోనే వచ్చెడివి. 1963 జులై 26న నెహ్రూగారు పోచంపాడున గోదావరిపై ఆనకట్టకు శంకుస్థాపన చేసిన పిదప ఇంజనీర్ల జీపులు నాగపూరు దారి వెంబడి రాత్రింబవళ్లు తిరిగెను. నేడు శ్రీరాంసాగరమని పిలుచుచున్న ఆ జలాశయపు నీటితో మన పసుపు చేలు పచ్చనైనవి. కావున ఆ జీపులకు మన యన్నపు ముద్దతో సంబంధము కలదు.

1985లో మండలవ్యవస్థ వచ్చిన పిదప సమితులు కనుమఱుగైనవి. పాత బండ్లు హర్రాజున కెక్కినవి. ఇపుడు 2023 ఏప్రిలు 1 నుండి, పదునైదేండ్లు దాటిన సర్కారు బండ్లకు రిజిస్ట్రేషను కొనసాగదు. వానిని తుక్కుగా మాఱ్చు కేంద్రములకు పంపవలయునని నియమము కలదు. కాగా పటేలుగారి యింటనున్న సమితి జీపు వంటివి ఇకమీద హర్రాజులో నడుచు బండ్లుగా దొరకవు. ఉన్నవి తఱుగుచున్నవి, కోరువారు పెరుగుచున్నారు. తుక్కు వర్తకుడు తూకము చెప్పి తొందరపెట్టుటకు కారణ మిదియే యని నా యనుమానము.

మనము పసుపు కొనునప్పుడు పైమెఱుగు చూచి మోసపోము. కొమ్మును విఱిచి లోరంగు చూచెదము. జీపును అట్లే చూడవలయును. అమెరికా సైన్యపు జీపునకు స్టీరింగు ఎడమవైపు నుండును. దాని ముందుజాలికి సామాన్యముగా తొమ్మిది చీలికలు. సివిలు జీపునకు ఏడు. సైన్యపు బండికి వెనుక తలుపు లేదు, అదనపు చక్రము వెనుక వ్రేలాడును. 1945లో వచ్చిన మొదటి సివిలు జీపునకు వెనుక తలుపు కలదు, చక్రము ప్రక్కకు జరిగెను. విల్లీస్‌వారి చట్రమునకు రేడియేటరు క్రింది అడ్డకడ్డీ గుండ్రని గొట్టము. ఫోర్డువారిది పలకలుగా నుండును. ఫోర్డువారు బోల్టుల తలలపై సహితము తమ పేరిలోని "ఎఫ్" అక్షరమును ముద్రించిరి.

పటేలుగారి జీపును మిస్త్రీచే కడిగించితిమి. అది 1962లో రిజిస్టరైన మహీంద్రావారి జీపు. చట్రపు సంఖ్య పుస్తకముతో సరిపోయినది. ఇంజను సంఖ్య సరిపోలేదు. గేరుపెట్టె నట్లు విప్పుచు మిస్త్రీ యొక బోల్టును నా చేతిలో పెట్టెను. దాని తలపై "ఎఫ్" కలదు! యుద్ధకాలమున అమెరికాలో చేసిన బోల్టు, డిస్పోజల్సు గుట్టలనుండి ఏ దుకాణమునకు చేరినదో, ఏ చేతులు మాఱినదో, తుదకు మన పల్లెలోని సమితి జీపునకు బిగింపబడియున్నది. సికింద్రాబాదు రాణీగంజువంటి విడిభాగముల బజారులలో నేటికిని ఇట్టి సామాను క్రొత్తదానితో కలిసి అమ్ముడగుచునే యున్నది. భాగము మాఱ్చుట తప్పు కాదు. మాఱ్చి మాఱ్చలేదనుట తప్పు. మూడు జీపుల ముక్కలు కూర్చి "యుద్ధపు అసలు బండి" యని అమ్మువాడు, పసుపులో రంగు కలుపువానికి అన్నగారు.

ఇక కాగితముల మాట. 2021లో కేంద్రప్రభుత్వమువారు పురాతన వాహనముల నియమములు చేసిరి. మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబది యేండ్లు దాటి, చట్రము, పైకట్టు, ఇంజను పెద్దగా మాఱ్పబడని సొంత బండికి "వి ఏ" అక్షరములు గల ప్రత్యేక సంఖ్య నిత్తురు. క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. దానిని ప్రదర్శనలకును, మరమ్మతులకును నడుపవచ్చును గాని నిత్యవ్యవహారమునకు కాదు. చట్రమును కోసి పొడిగించిన బండికి ఈ గౌరవము లేదు.

అంతకంటె ముఖ్యమైనది పేరు మాఱ్పు. దీనిని గ్రంథమునుండి కాక నా దెబ్బనుండి చెప్పుచున్నాను. పూర్వము నా పేర నొక జీపుండెడిది. దానిని పొరుగు మండలమువాని కొకనికి అమ్మితిని. రూపాయలు లెక్కించుకొంటిని, ఖాళీ కాగితములపై చేవ్రాళ్లు పెట్టితిని, తక్కినది కొన్నవాని పని యని యింటికి వచ్చితిని. రెండేండ్ల పిమ్మట ఆ బండి యొక కూలివాని కాలు విఱుగగొట్టెను. బీమా లేదు. నోటీసు నా గుమ్మమునకు వచ్చెను. "అమ్మితిని" అంటిని; "పుస్తకములో మీ పేరే యున్నది" అనిరి. రెండు పంటల పసుపు రాబడి అందుకు పోయినది. నాకు కోపము రాలేదు. ఆ కూలివాని ముఖము చూడ సిగ్గు వచ్చినది. రిజిస్టరులో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టువారును స్పష్టపఱచిరి. ఒకే రాష్ట్రములో అమ్మినచో 14 దినములలో అమ్మినవాడే అధికారులకు తెలుపవలయునని మోటారు వాహనముల చట్టమున నున్నది. 29, 30 సంఖ్యల పత్రములు అందుకే. యజమాని గతించినచో వారసుడు 31వ పత్రముతో ముందు తన పేరునకు మాఱ్పించుకొనవలయును.

పటేలుగారి పుస్తకములో మొదట సమితి పేరు, దాని క్రింద వారి తండ్రిగారి పేరు ఉన్నవి. మూడవ పేరు లేదు. ఆ రెండు పంక్తులను నేను పైకి చదివితిని. పటేలుగారు కొంతసేపు తండ్రిగారి చేవ్రాలును వ్రేలితో తడవి చూచిరి. పిదప వర్తకునివైపు తిరిగి, "ముందుగాల మా నాయన పేరు దగ్గర నా పేరు ఎక్కనియ్యి. ఇంజను మారిందని గూడ రాసిస్త. ఆ మీద బేరం. తూకానికైతె ఇయ్య" అనిరి.

వర్తకుడు తన త్రాసు తీసికొని పోయెను. ఇనుమునకు కాగితము లక్కఱలేదు, చరిత్రకు కావలయును. మీ పాకలలో నిట్టి బండ్లున్నచో తూకమునకు పెట్టకముందు, పెద్దలారా, ఆ రేకుపెట్టె నొకమాఱు తెఱచి చూడవలయునని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.